కడలిశక్తియు మన యశ్రద్ధయు

సముద్రతరంగములనుండియు ఆటుపోట్లనుండియు విద్యుచ్ఛక్తిని తీయుట వ్యయముతో గూడిన వేడుక యనియు, బీదదేశమున కది తగదనియు కొందరు పెద్దలు పలుకుచున్నారు. సాక్ష్యమును పూర్తిగా వినక తీర్పు చెప్పు న్యాయాధిపతిని మనమేమందుము? ఈ విషయమున మన దేశమున జరిగినది అట్టి తీర్పే.

సాక్ష్యమును విచారింతము. తిరువనంతపురము చెంతనున్న విళింజము రేవున 1991లో 150 కిలోవాట్ల తరంగ విద్యుత్కేంద్ర మొకటి వెలసినది. దానిని రూపొందించినవారు మద్రాసు ఐ.ఐ.టి. విద్వాంసులు, మనవారే. అల కాంక్రీటు గదిలో జొచ్చి పైకి లేచునపుడు లోని గాలి వెలుపలికి నెట్టబడును. అల దిగునపుడు గాలి లోనికి పీల్చబడును. గాలి యెటు వీచినను ఒకే దిక్కున దిరుగు చక్రము నందమర్చిరి. ఆ కేంద్రము నేడు లేదు. బిడ్డ తప్పటడుగు వేసెనని నడకయే మాన్పించు తల్లి కలదా?

ఫ్రాన్సు దేశీయులు రాన్సు నదీముఖమున 1966లో 240 మెగావాట్ల కేంద్రమును నెలకొల్పి, అర్ధశతాబ్ది దాటినను నడుపుచునే యున్నారు. దక్షిణ కొరియాలో సిహ్వా సరస్సునకు వేసిన అడ్డుకట్టవలన నీరు మురిగిపోగా, ఆ కట్టయందే 2011లో 254 మెగావాట్ల కేంద్రమును నిర్మించి విద్యుత్తును బడసిరి. సముద్రజలమును లోనికి రానిచ్చి సరస్సును బాగుచేసికొనిరి. మనమో? కచ్ఛు సింధుశాఖయందు 50 మెగావాట్లు, సుందరవనములలోని దుర్గాదువానియందు 3.75 మెగావాట్లు అని యోజనలు వేసి, రెండింటిని కాగితములయందే విడిచితిమి. సముద్రశక్తియు పునరుత్పాదకశక్తియేయని 2019లో కేంద్రప్రభుత్వము ప్రకటించినది. ప్రకటనలతో దీపములు వెలుగునా?

ప్రతిపక్షవాదమున సత్యము లేకపోలేదు. ఉప్పునీరు ఇనుమును తినివేయును. తుపానులు యంత్రములను విరుగగొట్టును. ఖంబాతు సింధుశాఖయందు పోటు మిక్కిలి యెత్తు లేచును గాని, మన విశాఖతీరమున సామాన్యముగ రెండు మీటర్లకు లోపే. కావున ప్రతి తీరమున యంత్రములు నాటుడని మేము కోరము. విళింజమున నేర్చిన పాఠములను, అయిన వ్యయమును ప్రజలయెదుట నుంచుడు. అనువైన తావున దేశీయ యంత్రములను పరీక్షించు కేంద్రమును నెలకొల్పి, ఏటేట ద్రవ్యము కేటాయింపుడు. వలవేసి బ్రతుకు బెస్తవారి సమ్మతి లేనిదే వారి నీటిలో నొక్క గుంజయు పాతకుడు. ఇది యత్యాశయా?

వ్యయ మధికమనువారికి మాయుత్తరమిది. మొదట నే యంత్రమును చౌక కాదు. చేయగా చేయగా చౌకయగును. సూర్యకిరణములు మన యింటిమీద బడుచుండగనే, వానిని పట్టు ఫలకములను మాత్రము చిరకాలము చీనానుండి కొనుచు వచ్చితిమి. రేపు కడలియలలు మన యొడ్డున విరుగుచుండ, యంత్రములకై పరులయెదుట చేయి చాపవలసినదేనా? సముద్రజలమునుండి పిడికెడు ఉప్పు తీసికొను హక్కునకై 1930లో చెరసాలల నిండించిన జాతి మనది. ఆ హక్కును గెలిచినవారి సంతతి, ఆ సముద్రపు శక్తిని వాడుకొను విద్యను చేజేతుల పారవేయుట తగునా? శాసనసభలయందలి మన ప్రతినిధులను చదువరులు ఈ ప్రశ్న నడుగవలెను; ఉత్తరము వచ్చువరకు అడుగుచునే యుండవలెను.