ఆధారం ఉన్నంత మేరకే

పిడుగురాళ్ల, దాచేపల్లి, మాచర్ల: ఎటు వెళ్లినా సున్నపురాయే. బట్టీలో కాలిస్తే సున్నం, ఫ్యాక్టరీకి చేరితే సిమెంటు, పలకలుగా తీస్తే నాపరాయి. 3వ శతాబ్దంలో ఇక్ష్వాకుల కాలపు శిల్పులు నాగార్జునకొండలో బుద్ధుడి కథలు చెక్కిందీ పల్నాటి సున్నపురాతి మీదే.

1868లో ఇంగ్లండులోని నారిచ్‌లో జీవశాస్త్రవేత్త థామస్ హెన్రీ హక్స్‌లీ కార్మికులకు సున్నపురాయి జాతికే చెందిన సుద్దముక్క గురించి ఉపన్యాసం ఇచ్చాడు. సూక్ష్మదర్శినిలో చూస్తే ఆ సుద్ద నిండా సముద్రంలో బతికిన అతిచిన్న జీవుల పెంకులే ఉన్నాయని వివరించాడు. మరుసటి ఏడాది తన తాత్విక వైఖరికి అజ్ఞేయవాదమని పేరు పెట్టుకున్నాడు. అది కొత్త మతమేమీ కాదు, ఒక పద్ధతి. తగిన ఆధారం చూపలేనిదాన్ని నిశ్చయంగా చెప్పకూడదన్నదే దాని సారం.

హక్స్‌లీ అన్నాడు కదా అని మన రాయి కూడా పెంకుల పొడేనని బడిలో చెబితే ఆయన పద్ధతికే ద్రోహం. రెండింటిలోనూ ఉన్నది కాల్షియం కార్బొనేటే. కానీ పల్నాటి రాయి పెంకు కట్టుకునే జీవులు పుట్టకముందే ఏర్పడింది. దాని కచ్చితమైన వయసు మీద భూగర్భ శాస్త్రవేత్తలకు ఇంకా ఏకాభిప్రాయం కుదరలేదు.

రాయి మీద ఎవరికీ మమకారం లేదు కనుక ఈ మాట ఒప్పుకోవడం తేలికే. చిక్కంతా బౌద్ధ తాత్వికుడు ఆచార్య నాగార్జునుడి దగ్గర వస్తుంది. ఆయన ఇక్కడే ఉన్నాడన్నది మనకెంతో ఇష్టమైన నమ్మకం. 1926లో వెలుగులోకి వచ్చిన నాగార్జునకొండ లోయలో దొరికిన ఇక్ష్వాకుల శాసనాలు దాతలైన చాంతిసిరిని, ఉపాసిక బోధిసిరిని పేరుపెట్టి చెబుతాయి. ఆచార్యుడు అక్కడ నివసించాడని మాత్రం చెప్పవు. కాబట్టి ఉన్నాడని తీర్మానించలేం. శాసనం చెప్పనంత మాత్రాన లేడనీ తీర్మానించలేం. మొదటి మాట ప్రాంతాభిమానులకు మింగుడుపడదు, రెండోది కొందరు హేతువాదులకు.

1860లో నాలుగేళ్లయినా నిండని కొడుకు నోయెల్ చనిపోయినప్పుడు మతాచార్యుడైన మిత్రుడు చార్లెస్ కింగ్‌స్లీ హక్స్‌లీని ఓదారుస్తూ ఉత్తరం రాశాడు. చావు తర్వాత బతుకు ఉందని నమ్మితే ఆ తండ్రికి ఎంత ఊరట! అయినా దాన్ని తాను అవుననీ అనను, కాదనీ అనను అని ఆయన జవాబు రాశాడు.

కడుపుకోతలో ఆయన చూపిన నిగ్రహం ఊరి చరిత్ర రాసేటప్పుడు మనం చూపలేమా? పల్నాటి మీద వ్యాసాలు పంపేవారికి మా మనవి ఇదే. శాసనం చెప్పింది శాసనం మాటగా, జనం చెప్పుకునేది జనం మాటగా రాయండి. రెండూ మాకు కావాలి, రెండూ అచ్చు వేస్తాం. జనం మాటకు శాసనం ముద్ర కొట్టి పంపితే మాత్రం వేయం.