పాలిస్తే చాలా?

"పాలిస్తున్నావుగా, ఇప్పట్లో కడుపు రాదులే." బాలింతతో ఈ మాట అమ్మమ్మ అంటే సరే. ఆస్పత్రిలో నర్సమ్మ అంటే ఒప్పుకోలేం. అదంతా ఉత్త నమ్మకమని కొట్టిపారేసే డాక్టరుదీ తప్పే.

బిడ్డ రొమ్ము చీకుతున్నంతసేపూ తల్లి మెదడుకు సంకేతాలు అందుతాయి. అండం విడుదలకు కావలసిన హార్మోన్లు వాటివల్ల తగ్గుతాయి. 1988లో ఇటలీలోని బెలాజియోలో కలిసిన నిపుణులు దీనికి మూడు షరతులు తేల్చారు. బిడ్డకు ఆరు నెలలు నిండకూడదు, తల్లికి నెలసరి మళ్లీ మొదలవకూడదు, పగలూ రాత్రీ దాదాపు పూర్తిగా తల్లిపాలే పట్టాలి. మూడూ ఉంటే 98 శాతం రక్షణ. ఒక్కటి తప్పినా ఆ రోజు నుంచే వేరే సాధనం కావాలి.

చిక్కంతా మూడో షరతుతోనే. "తల్లిపాలేనా?" అని అడిగితే ఏ తల్లైనా అవుననే అంటుంది. రాత్రిపూట డబ్బాపాలు పడుతున్నారా, ఉద్యోగానికి వెళ్తూ పాలు పిండి ఇంట్లో పెడుతున్నారా అని విడిగా అడిగితేనే అసలు సంగతి తెలుస్తుంది. పిండిన పాలతో బిడ్డ కడుపు నిండుతుంది గానీ, చీకడం తగ్గితే తల్లికి ఆ రక్షణా తగ్గుతుంది. పైగా మన దగ్గర చాలామందికి పురుడు పుట్టింట్లో. మూడో నెలలోనో ఐదో నెలలోనో అత్తారింటికి వస్తారు. కాన్పు చేసిన డాక్టరు ఒక ఊళ్లో, తర్వాత చూసే ఏఎన్ఎం మరో ఊళ్లో. ఈ ప్రశ్న అడగాల్సింది తామేనని ఇద్దరూ అనుకోరు.

"నెలసరి వచ్చాక చూద్దాం" అన్న సలహా మరీ ప్రమాదం. మొదటి నెలసరికి ముందే అండం విడుదల కావచ్చు. ఆరు నెలలు దాటినకొద్దీ ఆ అవకాశం పెరుగుతుంది. ముట్టు చూడకుండానే మళ్లీ గర్భం దాల్చినవాళ్లను వెర్రిదానివంటూ తిట్టడం అన్యాయం. వాళ్లకు సగమే చెప్పింది మనం.

6, 10, 14 వారాల టీకాలకు తల్లి బిడ్డను ఎత్తుకుని ఎలాగూ వస్తుంది. డాక్టర్లూ, నర్సులూ, ఏఎన్ఎంలూ, ఆశా కార్యకర్తలూ, ఆ టీకాల బల్ల దగ్గరే ఈ మూడు షరతుల గురించీ అడగండి. అన్నప్రాశన నాటికి ఏ సాధనం వాడాలో ఆమెతో కలిసి ముందే తేల్చండి. కాపర్‌ టీ ఉంది, పాలిచ్చే తల్లులు వాడదగిన ఛాయా మాత్ర ఉంది. ప్రభుత్వాసుపత్రుల్లో రెండూ ఉచితమే.