రెండేళ్ల ప్రాణం, నిండైన మమకారం

పెంపుడు ఎలుక సగటున రెండు నుంచి మూడేళ్లు బతుకుతుంది. మూడేళ్లు నిండేవి తక్కువ. కళ్లు మూసుకుని, ఒంటిమీద వెంట్రుక లేకుండా పుట్టిన పిల్ల రెండు వారాలకు కళ్లు తెరుస్తుంది. నెల తిరిగేసరికి తల్లిపాలు మానేస్తుంది. అయిదారు వారాలకే ఈడుకొస్తుంది. ఏడాదిన్నర దాటాక నడకలో ముసలితనం కనబడుతుంది. కుక్కను సాకేవారు పది పన్నెండేళ్లలో చూసే పసితనం, అల్లరి, నిలకడ, జబ్బు, చావు ఎలుకను సాకేవారి ఇంట్లో రెండేళ్లలోనే జరిగిపోతాయి. ఈ సంగతి తెలిసే బ్రిటన్‌లో, అమెరికాలో, ఐరోపా దేశాల్లో ఎన్నో కుటుంబాలు ఎలుకలను తెచ్చుకుంటున్నాయి. అవి పోయినప్పుడు ఇంట్లో మనిషి పోయినంతగా కుమిలిపోతున్నాయి. ఆ దుఃఖం నిజమైనది. ప్రాణి చిన్నదనో, దాని ఆయుష్షు తక్కువనో ఆ దుఃఖాన్ని తేలిక చేసి మాట్లాడటం అన్యాయం.

పెంపుడు ఎలుక విడిగా పుట్టిన జాతేమీ కాదు. శాస్త్రవేత్తలు రాటస్ నార్వెజికస్ అని పిలిచే గోధుమరంగు ఎలుకకే అది సంతతి. అటకల మీద తిరిగే నల్ల ఎలుక దానికి వేరే దాయాది. పొలం గట్లలో బొరియలు తవ్వే పందికొక్కు మరీ దూరం. గోధుమరంగు ఎలుకను ముచ్చటకు పెంచడం జపాన్‌లో రెండున్నర శతాబ్దాల కిందటే ఉంది. రంగురంగుల ఎలుకలను ఎలా పెంచాలో, ఎలా జత కట్టించాలో చెప్పే పుస్తకం 1775లోనే ఒసాకాలో అచ్చయింది.

ఇంగ్లండ్‌లో ఈ ముచ్చట మొదలైన చోటు అంత అందమైనది కాదు. పంతొమ్మిదో శతాబ్దపు లండన్‌లో ఎలుకలను గోతిలోకి వదిలి, కుక్కతో చంపించి, ఎన్ని నిమిషాల్లో ఎన్నిటిని చంపిందని పందేలు కాసేవారు. ఆ పందేలకు ఎలుకలను పట్టి ఇచ్చేవారు ఉండేవారు. విక్టోరియా రాణికి ఎలుకలు పట్టేవాడినని చెప్పుకున్న జాక్ బ్లాక్, తనకు చిక్కినవాటిలో తెల్లవి, మచ్చలవి, వింత రంగులవి చంపకుండా పక్కన పెట్టి పెంచాడు. వాటి పిల్లలను బాగా బతికే ఇళ్ల ఆడపిల్లలకు అమ్మాడు. అతడి మాటలను హెన్రీ మేహ్యూ అనే రచయిత లండన్ పేదల జీవితాల గురించి రాసిన గ్రంథంలో నమోదు చేశాడు. 1901లో మేరీ డగ్లస్ అనే మహిళ చుంచెలుకల సంఘాన్ని ఒప్పించి, ఐల్స్‌బరీలో జరిగిన ప్రదర్శనలో ఎలుకలకూ చోటు ఇప్పించింది. ఆ ప్రదర్శనలో పెద్ద బహుమతి ఆమె ఎలుకకే దక్కింది. ఆమె 1921లో చనిపోయాక ఆ ఉత్సాహం చల్లబడింది. 1976లో ఎలుకలకే ప్రత్యేకంగా జాతీయ సంఘం ఏర్పడ్డాక బ్రిటన్‌లో అది మళ్లీ ఊపందుకుంది.

పిల్లల కథల రచయిత్రి బియాట్రిక్స్ పాటర్ దగ్గర సామీ అనే తెల్ల ఎలుక ఉండేది. 1908లో వచ్చిన తన ఎలుకల కథను ఆమె చనిపోయిన ఆ సామీకి అంకితం ఇచ్చింది. పెంపుడు ఎలుక పోయిన బాధను ఒక పెద్ద రచయిత్రి దాచుకోకుండా అచ్చులో పెట్టడం ఆనాటికే జరిగిందన్నమాట. అమెరికా అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ పిల్లలు వైట్‌హౌస్‌లో జోనథన్ అనే మచ్చల ఎలుకను పెంచుకున్నారు.

ఇంత కొద్దికాలం ఉండిపోయే జీవితో అంత గట్టి బంధం ఎలా ఏర్పడుతుందన్నది చాలామందికి అర్థం కాదు. ఎలుకను దగ్గరగా చూడనివారికి అది సహజమే. ఎలుక మనిషిని గుర్తు పడుతుంది. పేరు పెట్టి పిలిస్తే వస్తుంది. పంజరం తలుపు తెరిచిన చేతి మీదుగా పాకి భుజం ఎక్కుతుంది, మెడ దగ్గర చొక్కాలోకి దూరి నిద్రపోతుంది. తోటి ఎలుకల ఒళ్లు నాకి శుభ్రం చేసినట్టే మనిషి వేళ్లనూ నాకుతుంది. హాయిగా ఉన్నప్పుడు పళ్లు కటకటలాడిస్తుంది. అలా ఆడించేటప్పుడు దవడ కండరం ఒకటి కంటి వెనుక నుంచి కదులుతుంది కాబట్టి గుడ్లు లోపలికీ బయటికీ టకటకా కొట్టుకుంటాయి. తొలిసారి చూసినవారు జబ్బేమోనని బెదిరిపోతారు. అలవాటైనవారికి ఒళ్లో ఉన్న ఎలుక ఇచ్చే మెప్పు అదే.

ప్రయోగశాలలు కూడా ఇదే చెబుతున్నాయి. ఎలుకకు చక్కిలిగింతలు పెడితే మనిషి చెవికి అందని 50 కిలోహెర్ట్జ్ స్థాయిలో కిచకిచలాడుతుందని, ఆ చెయ్యి వెంటే మళ్లీ మళ్లీ పరుగెడుతుందని అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో యాక్ పాంక్‌సెప్ బృందం 1990ల చివర్లో చూపించింది. 2011లో షికాగో విశ్వవిద్యాలయం ప్రకటించిన ప్రయోగంలో, ఇరుకు గొట్టంలో బంధించిన తోటి ఎలుకను బయట ఉన్న ఎలుక తలుపు తీసి విడిపించింది. పక్కనే చాక్లెట్ ముక్కలున్నా వాటిని ఒంటరిగా కాజేయకుండా, తోటిదాన్ని విడిపించి పంచుకున్నవీ ఉన్నాయి. 2019లో బెర్లిన్ శాస్త్రవేత్తలు ఎలుకలకు దాగుడుమూతలు నేర్పారు. దాక్కోవడం, వెతకడం రెండూ నేర్చుకున్నాయి. దొరికినప్పుడు ఇచ్చే బహుమానం తిండి కాదు, చక్కిలిగింతలు, ఆట. ఇంత స్నేహం చేసే జీవిని ఇంట్లో పెట్టుకుని మమకారం పెంచుకోకుండా ఉండటం కష్టం.

ఆయుష్షు ఎందుకు తక్కువన్నదానికి జవాబు దాని బతుకులోనే ఉంది. బయట తిరిగే ఎలుక పిల్లికీ, పాముకీ, గుడ్లగూబకీ ఆహారం. ఎక్కువ భాగం ఏడాదైనా బతకవు. అలాంటి జీవికి త్వరగా ఎదగడం, మూడు వారాల గర్భంతో ఒక్కో కాన్పులో పది పన్నెండు పిల్లలను కనడమే వంశం నిలబెట్టుకునే మార్గం. శరీరాన్ని పదేళ్లు నిలిపేందుకు ప్రకృతి దానికి పెట్టుబడి పెట్టలేదు. దాని గుండె నిమిషానికి 300 సార్లకు పైగా కొట్టుకుంటుంది.

ఈ పొట్టి ఆయుష్షే దాన్ని ప్రయోగశాలకు చేర్చింది. పుట్టుక నుంచి వార్ధక్యం దాకా మూడేళ్లలో చూడగలిగే జీవి శాస్త్రానికి వరం. ఫిలడెల్ఫియాలోని విస్టార్ సంస్థ 1906 నుంచి తెల్ల ఎలుకలను ప్రయోగాల కోసం పెంచింది. తెలుగు నేలకూ ఆ వంశంతో సంబంధం ఉంది. 1918లో కూనూరులో రాబర్ట్ మెకారిసన్ అనే వైద్యుడు ఒక చిన్న గదిలో మొదలుపెట్టిన పరిశోధన తర్వాత 1958లో హైదరాబాద్ తరలివచ్చి, నేటి జాతీయ పోషకాహార సంస్థ అయింది. మెకారిసన్ దేశంలోని వేర్వేరు ప్రాంతాల భోజనాలను ఎలుకలకు పెట్టి, ఏ తిండి తిన్నవి ఎలా ఎదుగుతున్నాయో గమనించాడు. తార్నాకలోని ఆ సంస్థలో విస్టార్ వంశపు ఎలుకలు తరతరాలుగా ఉన్నాయి. వాటిలో సహజంగా ఊబకాయంతో పుట్టిన రకాన్ని 1996లో గుర్తించి వేరుగా పెంచారు. అన్నంలో, గంజిలో ఏముందో మనకు తెలియడం వెనుక ఈ మూగప్రాణుల బతుకులు ఉన్నాయన్నది మరవకూడదు. శాస్త్రవేత్తకు వరమైన ఆ తక్కువ ఆయుష్షే ఇంట్లో పెంచుకున్నవారికి శాపమవుతోంది.

ముసలితనంలో ఎలుకకు వచ్చే జబ్బులు చాలావరకు ముందే తెలిసినవి. మొదటిది ఊపిరితిత్తుల జబ్బు. మైకోప్లాస్మా పల్మొనిస్ అనే సూక్ష్మజీవి దాదాపు ప్రతి పెంపుడు ఎలుకలోనూ ఉంటుంది. తల్లి నుంచే పిల్లకు వస్తుంది. వయసులో ఉన్నంతకాలం అణిగి ఉండి, ఒంట్లో సత్తువ తగ్గగానే విజృంభిస్తుంది. తుమ్ములతో మొదలై, ఊపిరి తీసుకునేటప్పుడు గురక, చివరికి డొక్కలు ఎగరేసే ఆయాసం దాకా వెళ్తుంది. యాంటీబయాటిక్ మందులు దాన్ని అణచగలవే గానీ తుడిచిపెట్టలేవు. పంజరంలో మూత్రం వాసన పేరుకుంటే జబ్బు ముదురుతుంది. కాబట్టి శుభ్రత సగం వైద్యం.

రెండోది కణితి. ఆడ ఎలుకల్లో పాలగ్రంథుల కణితులు చాలా ఎక్కువ. ఈ గ్రంథుల కణజాలం మెడ నుంచి తొడల మొదలు దాకా విస్తరించి ఉంటుంది కాబట్టి గడ్డ ఎక్కడైనా లేవొచ్చు. చాలావరకు క్యాన్సర్ కానివే. అయినా పెరిగి పెరిగి నిమ్మకాయంతయి, నడకకే అడ్డుపడతాయి. శస్త్రచికిత్స చేసి తీయొచ్చు. ఒకటి తీశాక కొన్ని నెలలకు మరోచోట ఇంకొకటి రావడం మామూలే. చిన్న వయసులోనే గర్భాశయం, అండాశయాలు తీయించిన ఎలుకల్లో ఈ ముప్పు బాగా తగ్గుతుంది.

మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథిలో వచ్చే కణితిని గుర్తించడం కష్టం. ముందుకాళ్లతో గింజను పట్టుకోలేకపోవడం దాని తొలి జాడల్లో ఒకటి. నిన్నటిదాకా బఠాణీని రెండు చేతులా పట్టుకుని తొక్క వలిచి తిన్న ఎలుక, ఇవాళ దాన్ని జారవిడుస్తుంది. మళ్లీ పట్టుకోబోతుంది, మళ్లీ జారుతుంది. పెంచినవారి మనసు ముక్కలయ్యేది అక్కడే. ముసలి మగ ఎలుకల్లో చాలావాటికి వెనుకకాళ్లు క్రమంగా చచ్చుబడతాయి. అయితే అది నొప్పితో కూడినది కాదు. పైఅంతస్తులు ఎక్కలేని ముసలి ఎలుక కోసం పంజరంలో అరలు కిందికి దించుతారు, గుడ్డ ఊయలను నేలకు జానెడు ఎత్తున కడతారు, మెత్తగా నానబెట్టిన అన్నం, ఉడికించిన గుడ్డు చెంచాతో పెడతారు. కాళ్లు లాగుతూ వచ్చి చెంచా నాకే ఎలుక ఇంకా బతుకు మీద ఆశ వదులుకోలేదని అర్థం.

ఎలుక జబ్బును దాచుకుంటుంది. నీరసం కనబడిన జీవిని వేటాడే జంతువు ముందు పట్టుకుంటుంది కాబట్టి, ఆఖరి వరకూ మామూలుగా ఉన్నట్టే మెలగడం దాని స్వభావం. అందుకే అనుభవం ఉన్నవారు వారానికోసారి వంటింటి తూకంలో ఎలుకను నిలబెట్టి బరువు రాసుకుంటారు. బరువు పడిపోవడం అన్నిటికన్నా ముందు తెలిసే సూచన. ముక్కు చుట్టూ, కళ్ల చుట్టూ ఎర్రటి చారలు కనిపిస్తే నెత్తురనుకుని హడలిపోతారు. అది కంటి వెనుక గ్రంథి నుంచి వచ్చే ఎర్రటి స్రావం. దాన్ని తుడుచుకునే ఓపిక కూడా లేనంతగా ఎలుక నలిగిపోయిందని దానికి అర్థం.

ఆఖరి నిర్ణయం పెంచినవారిదే. ఊపిరి అందక నోరు తెరిచి గాలి మింగుతున్న ఎలుకను ఇంకో రాత్రి అలా ఉంచడం ప్రేమ కాదు. పశువైద్యుడు ముందు మత్తు వాయువు ఇచ్చి, పూర్తిగా స్పృహ తప్పాక ఇంజెక్షన్ ఇస్తాడు. ఎలుకకు తెలియకుండానే ముగుస్తుంది. ఖర్చు కలిసివస్తుందని ఫ్రిజ్‌లో పెట్టడం, నీళ్లలో ముంచడం పచ్చి క్రూరత్వం. ఎలుక కొన్న ధర కంటే వైద్యం ఖర్చు ఎన్నో రెట్లు ఉంటుంది. చాలామంది అక్కడే వెనక్కి తగ్గుతారు. కొన్న ధర ప్రాణానికి కొలమానం కాదు. ఆ బాధను చూస్తూ ఊరుకునే హక్కు తక్కువ ధరకు కొన్నంత మాత్రాన ఎవరికీ రాదు.

ఒకటి పోయాక మిగిలినవాటి సంగతి వేరే ఉంటుంది. ఎలుక ఒంటరిగా బతకలేదు. తోటిదాన్ని పోగొట్టుకున్న ఎలుక తిండి తగ్గించి, ఊయలలోంచి కదలకుండా పడుకోవడం పెంచేవారికి తెలిసిన విషయమే. కొందరు చనిపోయినదాని దేహాన్ని కాసేపు పంజరంలోనే ఉంచుతారు. తోటివి వచ్చి వాసన చూసి, మెల్లగా దూరంగా జరుగుతాయి. తర్వాత మిగిలినది ఒంటరి కాకుండా రెండు పిల్లలను తెచ్చి నెమ్మదిగా అలవాటు చేస్తారు. దీంతో పెంపకం ఎప్పటికీ ముగియదు. ఒకటి పోతుంది, రెండు వస్తాయి, వాటిలో ఒకటి ముసలిదవుతుంది. ఈ చక్రంలో అలసిపోయి, పంజరం అటకెక్కించేవారూ ఉన్నారు. వారిని తప్పుపట్టకూడదు.

సమాజం గుర్తించని దుఃఖం గురించి అమెరికన్ పరిశోధకుడు కెన్నెత్ డోకా 1989లో రాశాడు. సెలవు పెట్టడానికీ, ఓదార్పు అడగడానికీ వీలులేని బాధ అది. కుక్క పోతే ఇప్పుడు పరామర్శించేవారు దొరుకుతున్నారు. ఎలుక పోయిందంటే నవ్వు ఆపుకునేవారే ఎక్కువ. తెలుగువారికి ఇది మరీ వింతగా తోచడంలో ఆశ్చర్యం లేదు. వినాయకుడి పాదాల దగ్గరి ఎలుకకు దణ్ణం పెట్టిన చేతులే గాదె దగ్గర మందు పెడతాయి. ఏడాది పంటను కాపాడుకోవలసిన రైతుకు అది తప్పనిసరి. అయితే చేలో ఎలుకతో ఉన్న వైరాన్ని, పసిపిల్ల ఒళ్లో పెరిగి చచ్చిపోయిన ఎలుక మీదికి తేకూడదు. పిల్ల కళ్లనీళ్ల ముందు ‘ఎలుకేగా’ అన్న మాట పెద్దల నోట రాకూడదు.

ఆయుష్షును కొంత పెంచడం మనిషి చేతిలోనే ఉంది. రంగూ, చెవుల ఆకారమూ చూసి జత కట్టించే పెంపకందారుల వల్ల జబ్బుల వంశాలు పెరుగుతాయి. ఎలుక తాతముత్తాతలు ఎన్ని నెలలు బతికాయో, దేనివల్ల పోయాయో రాసిపెట్టి, ఎక్కువకాలం ఆరోగ్యంగా బతికిన వంశాల నుంచే పిల్లలను పుట్టించేవారూ ఉన్నారు. దుకాణంలో పాములకు మేతగా పెంచినవాటిని తెచ్చుకుంటే, వాటి వెనుక చరిత్ర ఏమీ తెలియదు. మనుషుల ఆరోగ్యం కూడా చూసుకోవాలి. 2017లో అమెరికాలోని పలు రాష్ట్రాల్లో పెంపుడు ఎలుకల నుంచి సియోల్ వైరస్ మనుషులకు సోకింది. ఎలుకను తాకిన చేతులు కడుక్కోవడం, ముఖానికి ఆనించకపోవడం తప్పనిసరి అలవాట్లు. కెనడాలోని ఆల్బర్టాలో అయితే ఎలుకను పెంచుకోవడమే నిషిద్ధం. 1950 నుంచి ఆ రాష్ట్రం ఎలుకలను లోపలికి రానివ్వకుండా పోరాడుతోంది.

ఎలుకను పెంచుకోవాలనుకునేవారు ఒకటి కాకుండా రెండు తెచ్చుకోవాలి. రెండూ ఒకే లింగానివై ఉండాలి. వైద్యానికి కొంత డబ్బు మొదటి నెల నుంచే పక్కన పెట్టాలి. ఇంట్లో పిల్లలుంటే, ఇది రెండేళ్ల నేస్తమని వారికి తెచ్చేరోజే చెప్పాలి. అన్నిటికంటే ముందు, ఎలుకకు మత్తు ఇచ్చి శస్త్రచికిత్స చేయడం తెలిసిన పశువైద్యుడు తమ ఊళ్లో ఉన్నాడో లేడో కనుక్కోవాలి. అలాంటి వైద్యుడు అందుబాటులో లేని ఊళ్లో ఎలుకను తెచ్చుకోకపోవడమే మేలు.