డిసెంబరు కళాకారులు

డిసెంబరు దగ్గరపడగానే ఇక్కడ పరాయిదేశంలోని మన తెలుగు సంఘాల సాంస్కృతిక విభాగాలకు క్రైస్తవ కళాకారులు గుర్తొస్తారు. క్రిస్మస్ సంబరాల్లో ఒక పాట, పిల్లల చేత గొర్రెల కాపరుల నాటిక, కేకు, గ్రూపు ఫొటో. జనవరి వచ్చాక వాళ్ల ఊసే ఉండదు. సంక్రాంతి కవిసమ్మేళనంలో, ఉగాది పద్యపఠనంలో వాళ్లకు పనేముంటుందని ఎవరికి వారే తీర్మానించేసుకుంటారు. చర్చిలో మాత్రం వాళ్లకు పెద్ద పీట వేస్తున్నారా అంటే అదీ లేదు. గొంతు బాగుంటే వాక్యానికి ముందు ఒక పాట, బొమ్మలు గీసే చెయ్యి ఉంటే వేదిక వెనకాల తెర. కవిత రాశానంటే మాత్రం ‘దేవుని గురించేనా బాబూ?’ అని ఆరా.

ఈ రెండు గడపల మధ్య నలిగినవారిలో అందరికంటే పెద్దవాడు గుర్రం జాషువా. 1895లో వినుకొండలో క్రైస్తవ కుటుంబంలో పుట్టాడు. పురాణాలతో నీకేం పనని ఇంటివైపు మతపెద్దలు కోప్పడ్డారు. నీ పుట్టుకేమిటని పండిత సభలు దూరం పెట్టాయి. ఆయన ఏ గడపనూ వదులుకోలేదు. ‘గబ్బిలం’ కావ్యంలో గబ్బిలం చేత శివుడికి మొర పంపిన చేత్తోనే ‘క్రీస్తు చరిత్ర’ రాశాడు. 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది ఆ కావ్యానికే. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి ఆయన కాలికి గండపెండేరం తొడిగిన సంగతి తెలుగునాట అందరూ చెప్పుకునేదే. అలాంటి కవిని ఇవాళ మన వేదికలు ‘దళిత కవి’ అనో ‘క్రైస్తవ కవి’ అనో ఒక అరలో పెట్టి తాళం వేస్తున్నాయి.

చర్చి రాళ్లలోనూ ఈ రెండు గడపల కథే కనిపిస్తుంది. కరువు రోజుల్లో జనానికి కూలి దొరుకుతుందని మిషనరీ పాస్నెట్ దొర కట్టించిన మెదక్ చర్చి 1924లో పూర్తయింది. దాని రంగుటద్దాల కిటికీలకు రూపమిచ్చింది ఇంగ్లండు చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ. ఎండ పడినప్పుడు ఆ రంగులు చూసినవారెవరూ వాటికి వంక పెట్టరు. మరో పదిహేనేళ్లకు, 1939లో, డోర్నకల్ చర్చి ప్రతిష్ఠ జరిగింది. కట్టించినది ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అజరయ్య. గుడి మంటపాన్ని తలపించే చెక్కుడు స్తంభాలు, మసీదును తలపించే గుమ్మటాలు, వాటి మధ్య సిలువ. మెదక్‌లో మనవాళ్ల రెక్కలకు పని దొరికింది, డోర్నకల్‌లో మన కళకు చోటు దొరికింది. నా ఓటు డోర్నకల్‌కే.

మన కళకు చోటిచ్చే ఈ పని పాటలో ఇంకా ముందే జరిగింది. పందొమ్మిదో శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి క్రీస్తు కథను కీర్తనల్లోకి తెచ్చాడు. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకం తెరిస్తే పాట నెత్తిన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. ఇక్కడి మన చర్చిల్లో ఆ పాటలే తెరమీదికి ఎక్కాయి, పిల్లల కోసం ఇంగ్లీషు అక్షరాల్లో. మంచిదే. రాగం, తాళం మాత్రం స్లైడులో చోటు చాలక జారిపోయాయి. దాంతో ఏ కీర్తనైనా కీబోర్డులో ఉన్న ఒకే దరువుకు నడుస్తోంది. సినిమావాళ్లే నయం. 1978లో ‘కరుణామయుడు’కి మోదుకూరి జాన్సన్ రాసిన పాట చర్చి గడప తొక్కనివారి నోటా ఆడింది.

పాస్టర్లకు ఒక మనవి. మీ సంఘంలోని కవిని ప్రతిసారీ స్తుతిగీతమే అడగకండి. వీసా ఆఖరి తేదీ దగ్గరపడ్డ ఇంటి భయం గురించి, ఊళ్లో తల్లి పోతే వెళ్లలేని కొడుకు గురించి, మనతోపాటు విమానమెక్కి వచ్చిన కులం గురించి రాయనివ్వండి. కీర్తనల గ్రంథంలో దావీదు దేవుణ్ని నిలదీసిన సందర్భాలు తక్కువేమీ కావు. తెలుగు సంఘాల పెద్దలకూ ఒక మాట: ఉగాది కవిసమ్మేళనానికి పిలిచినప్పుడు ‘మత ప్రస్తావన లేకుండా’ అన్న షరతు క్రైస్తవ కవికి మాత్రమే పెట్టకండి. గణపతి ప్రార్థనతో మొదలయ్యే సభలో ఆ షరతు వినడానికే బాగోదు.

ఈసారి మా పత్రిక ఉగాది సంచికలో కొన్ని పేజీలు క్రైస్తవ కళాకారుల కథలకు, బొమ్మలకు, పాటలకు కేటాయిస్తున్నాం. విషయం రచయితల ఇష్టం. క్రిస్మస్ గురించే కానక్కర్లేదు. పాటలు పంపేవారు రాగతాళాలు తప్పక రాయండి, అచ్చువేసే పూచీ మాది.