పూటకూళ్ల ఇంటి లెక్క



మంచి సమరయుని కథ మనకు ఆదివారపు బడి నాటి నుండి తెలుసు. గాయములకు నూనె, ద్రాక్షారసము పోసి కట్టిన సంగతి, తన వాహనము మీద ఎక్కించుకొన్న సంగతి చిన్నపిల్లలు కూడ చెప్పగలరు. ఆ కథ చివర ఉన్న డబ్బు సంగతి మాత్రము మనము త్వరగా దాటిపోతాము. మరునాడు అతడు పూటకూళ్లవానికి రెండు దేనారములు ఇచ్చి, ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు తీరుస్తానని మాట ఇచ్చి వెళ్లాడు. పూటకూళ్లవాడు ఆ మాట నమ్మాడు. నమ్మకపోతే గాయపడినవాని గతి ఏమయ్యేదో!

ఈ నెల ఆ కథ మాకు పదే పదే జ్ఞాపకము వచ్చినది. కారణము, చిత్తూరు దగ్గర పల్లెలో కూలిపని చేసుకొనే మన సహోదరి ఒకరికి తోడుగా ఆసుపత్రికి వెళ్లడము. ఆమెకు గుండె కవాటము చెడిపోయినది. చిన్ననాడు గొంతునొప్పి, ఆ తరువాత కీళ్లజ్వరము వచ్చి, సరైన వైద్యము లేక మిగిలిపోయిన జబ్బు అది. పేదల ఇండ్లలోనే ఎక్కువగా కనబడుతుంది. బియ్యము కార్డు ప్లాస్టిక్ కవరులో చుట్టి చీర కొంగున ముడివేసుకొని వచ్చినది. కాని దాన్ని ముందుగా ఎవరికి చూపాలో తెలియదు. కౌంటరులో డబ్బు కట్టమంటే కొడుకు వడ్డీకి తెచ్చిన పదివేలు కట్టేశాడు.

ఆ తరువాత పథకము బల్ల దగ్గరకు వెళ్లాము. అక్కడి అమ్మాయి కంప్యూటరులో చూసి, "పేరు కలవడం లేదమ్మా" అన్నది. నిజమే. ఆసుపత్రిలో పేరు అడిగినప్పుడు మన సహోదరి బాప్తిస్మములో పొందిన పేరు సంతోషముగా చెప్పినది. కార్డులో ఉన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు. ఆధార్‌లో అదే పేరు ఇంకొక విధముగా వ్రాసి ఉన్నది. మన ఇండ్లలో ఇది కొత్త కాదు. కార్డులో లక్ష్మమ్మ, సంఘపు పుస్తకములో మరియమ్మ. అందుకు కారణాలు మనకు తెలియనివి కావు. వాటి జోలికి ఇప్పుడు పోము. సచివాలయము నుండి కాగితము తెచ్చి, ఆసుపత్రి రికార్డులో పేరు మార్పించి, అనుమతి వచ్చేసరికి రెండు రోజులు గడిచినవి. ఆ రెండు రోజులు ఆమె ఆయాసముతో వరండాలో కూర్చున్నది.

ఆపరేషను జరిగినది. దేవునికి స్తోత్రము. దానికి ఆమె ఒక్క రూపాయి కట్టలేదు. అంతకు ముందు కట్టిన పదివేలు మాత్రము మేము ఇది వ్రాసేనాటికి తిరిగి రాలేదు.

ఈ ఏర్పాటు ఎక్కడి నుండి వచ్చినదో చిన్నవారికి తెలియకపోవచ్చు. ఒకప్పుడు పెద్ద జబ్బు చేస్తే పేదవాడు ఎమ్మెల్యే ఉత్తరము పట్టుకొని హైదరాబాదు పోయి, ముఖ్యమంత్రి సహాయ నిధి కోసము కాచుకొనేవాడు. 2004 మే నుండి మూడేండ్లలో యాభై వేలకు పైగా కేసులకు ఆ నిధి నుండే డబ్బు ఇవ్వవలసి వచ్చినది. అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డిగారు స్వయముగా డాక్టరు. మన తిరుపతి ఎస్.వి. వైద్య కళాశాలలో హౌస్ సర్జనుగా ఉన్నారు, జమ్మలమడుగు మిషను ఆసుపత్రిలో కొంతకాలము పనిచేశారు. ఉత్తరము అడుక్కొనే అవసరము లేకుండ, కార్డు ఉంటే చాలు అన్నట్లు 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురము, శ్రీకాకుళము జిల్లాలలో ఆరోగ్యశ్రీ మొదలయినది. ఆ ఏడాది డిసెంబరులో మన చిత్తూరు జిల్లాకు వచ్చినది. కుటుంబానికి ఏటా లక్షన్నర, అవసరమయితే ఇంకొక యాభై వేలు. ప్రీమియము ప్రభుత్వము కట్టేది, ఇన్సూరెన్సు కంపెనీ ఆసుపత్రికి ఇచ్చేది. మరుసటి ఏడు చేర్చిన చికిత్సలకు ట్రస్టే నేరుగా చెల్లించసాగినది.

పేర్లు మారినవి. ఎన్.టి.ఆర్. వైద్యసేవ అయినది, 2019 తరువాత డాక్టర్ వై.ఎస్.ఆర్. ఆరోగ్యశ్రీ అయినది, 2024లో మళ్లీ ఎన్.టి.ఆర్. వైద్యసేవ అయినది. (మనుషులకే కాదు, పథకాలకు కూడ రెండు పేర్లు!) 2019 నవంబరు నుండి హైదరాబాదు, బెంగళూరు, చెన్నైలలోని కొన్ని ఆసుపత్రులలో కూడ కొన్ని చికిత్సలు చేర్చారు. 2023 డిసెంబరులో పరిమితి 25 లక్షలకు పెంచారు. 2025 సెప్టెంబరులో మంత్రివర్గము ఇంకొక మార్పు ఆమోదించినది. మొదటి రెండున్నర లక్షలు ఇన్సూరెన్సు ద్వారా, ఆపైన 25 లక్షల వరకు ట్రస్టు ద్వారా. అంటే తిరిగి తిరిగి మళ్లీ ఇన్సూరెన్సు కంపెనీ దగ్గరకే వచ్చాము.

అంకె పెరగడము మంచిదే. కాని పూటకూళ్లవాని లెక్క సంగతి ఏమిటి? బకాయిలు రాలేదని 2024 మే నెలలోను, మళ్లీ 2025 అక్టోబరులోను ప్రైవేటు ఆసుపత్రులు ఈ సేవలు ఆపివేసినవి. ఏ పార్టీ ఉన్నా ఈ తంతు తప్పలేదు. రోగిని వాకిట్లో నిలబెట్టి బాకీ వసూలు చేసుకోవడము సరి అని మేము అనము. అలాగని నెలల తరబడి డబ్బు రాకపోతే మందులు, జీతాలు ఎక్కడి నుండి తేవాలి? 25 లక్షలని కార్డు మీద వ్రాయడము సులభము. సమరయుడు రెండు దేనారములే ఇచ్చాడు గాని, ముందుగా ఇచ్చాడు.

బకాయిలు తీర్చడము మన చేతిలో లేదు. పేరు సరిచేయించడము మన చేతిలో ఉన్నది. ప్రతి సంఘములోను చదువుకొన్న యువకులు ఉన్నారు. ఒక్క ఆదివారము ఆరాధన అయిన తరువాత కార్డు, ఆధార్ పక్కపక్కన పెట్టి చూస్తే, ఏ ఇంటిలో పేరు తేడా ఉన్నదో జబ్బు రాకముందే తెలుస్తుంది. కోడలు పేరు ఎక్కినదా, పుట్టిన బిడ్డ పేరు ఎక్కినదా అనేది కూడ చూడండి. ఆసుపత్రికి పోయినప్పుడు కార్డులో ఉన్న పేరే చెప్పండి. ప్రభువు మీ రెండవ పేరు మరచిపోడు. డబ్బు కట్టకముందే ఆరోగ్యమిత్ర లేక వైద్యమిత్ర బల్ల ఎక్కడ అని అడగండి. మనవాళ్లు చాలమంది అలవాటుగా వేలూరు బస్సు ఎక్కుతారు. రాష్ట్రము దాటేముందు మన జబ్బుకు ఆ ఆసుపత్రిలో కార్డు పనిచేస్తుందా లేదా అని 104కు ఫోను చేసి తెలుసుకోండి. 70 ఏండ్లు దాటినవారికి ఆదాయముతో పని లేకుండ కేంద్రము వారి ఆయుష్మాన్ భారత్ 2024 అక్టోబరు నుండి వర్తిస్తుంది. రిటైరయిన మన టీచర్లు కొందరు ఇది పేదలకేననుకొని ఊరుకొన్నారు.

అన్నిటికంటె ముఖ్యము, ఎవరో ఒకరు తోడు వెళ్లాలి. కవాటము మార్చిన తరువాత రక్తము గడ్డకట్టకుండ ప్రతిరోజు మాత్ర వేసుకోవాలి, దాని మోతాదు కోసము మాటిమాటికి రక్తపరీక్షకు పోవాలి. పోయిన ఆ దినపు కూలి ఎవరు తెచ్చి ఇస్తారు? మన సహోదరి విషయములో స్త్రీల మైత్రి వారు ఆ బాధ్యత తీసుకొన్నారు. ఆమెకు పరీక్ష ఉన్న రోజున ఒకరు వెంట వెళుతున్నారు.

పోయిన ఆదివారము ఆమె గుడికి వచ్చినది. కృతజ్ఞతార్పణ కవరు చేత పట్టుకొని, వ్రాసిపెట్టమని మా దగ్గరకు వచ్చి, మెల్లగా అడిగినది: "అయ్యగారూ, దీనిమీద ఏ పేరు రాయాల?"

రెండూ వ్రాశాము.