నియమం రాసినోడిదే ఆట



వీడియో గేములంటే మన వాడల్లో పెద్దోళ్లకు పడదు. సెల్లులో తుపాకులు పేల్చుకుంటా పిల్లోళ్లు చెడిపోతున్నారని వాళ్ల బాధ. ఆ బాధ న్యాయమైందే. కానీ ఆట ఆడడం వేరు, ఆట తయారుచేయడం వేరు. మేం మాట్లాడేది ఈ రెండో సంగతి.

ఆటలు కంపెనీలోళ్లే చేస్తారనుకోవడం ఒట్టి భ్రమ. 2005లో అమెరికాలో సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ విద్యార్థులు ‘క్లౌడ్’ అని ఒక చిన్న ఆట చేసినారు. క్లౌడ్ అంటే మబ్బు. వాళ్లలో ముఖ్యుడు జెనోవా చెన్ చైనాలో పుట్టినాడు. చిన్నప్పుడు ఉబ్బసంతో ఆసుపత్రుల చుట్టూ తిరిగినాడు. ఆ ఆటలో ఆసుపత్రి మంచం మీది పిల్లోడు కలలో ఆకాశానికి ఎగురుతాడు, మబ్బుల్ని పోగుచేస్తాడు, వాన కురిపిస్తాడు. తుపాకీ లేదు, నరుకుడు లేదు. మబ్బు కోసం మెడ నొప్పిపుట్టేదాకా పైకి చూసే కర్నూలు, కడప జనానికి ఆ ఆటను విడమర్చి చెప్పే పనిలేదు. ఒక జబ్బు పిల్లోడి బాధ ఆటయితే, మన బాధ ఎందుకు కాదు?

అసలు ఆటంటే ఏమి? నియమాలు. ఎవరు యాడ నిలబడాల, ఎటు కదలాల, ఏం చేస్తే గెలుపు. అంతే. పులిజూదం చూడండి. 3 పులులు, 15 మేకలు. పులి దూకి మేకను తినొచ్చు, మేక పులిని తినకూడదు. అయినా మేకలన్నీ ఒకదాని వెనక ఒకటి నిలబడితే పులి కదల్లేక ఓడిపోతుంది.

కులం కూడా ఇట్లాంటి ఆటే. అయితే అందులో మనకు గెలిచే దారే లేకుండా మనువాదులు నియమాలు రాసిపెట్టినారు. బాబాసాహెబ్ అంబేద్కర్ ఆధ్వర్యంలో తయారైన రాజ్యాంగం, 17వ అధికరణంతో అంటరానితనాన్ని రద్దుచేసింది. అది 1950 నుంచి అమల్లో ఉంది. అయినా 1985 జులైలో కోస్తాలో, తాగే చెరువును మురికి చెయ్యొద్దన్న పాపానికి కారంచేడు మాదిగలను ఊచకోత కోసినారు. కాగితం మీద నియమం మారింది, ఊళ్లో ఆట మారలేదు.

ఇప్పుడు మన బిడ్డల సంగతి. కడప జిల్లా ఇడుపులపాయలో 2008 నుంచి, కర్నూల్లో 2015 నుంచి ట్రిపుల్ ఐటీలున్నాయి. పల్లె బడుల్లో చదివిన కూలోళ్ల బిడ్డలు కంప్యూటర్ల ముందు కూర్చుంటున్నారు. ఆటలు చేసే ‘గోడో’ సాఫ్ట్‌వేర్‌కు పైసా కట్టే పనిలేదు. దాంతో చేసిన చిన్న ఆట మామూలు సెల్లులోనూ ఆడుతుంది. పనిముట్టు చేతిలో ఉంది. దాంతో ఏం చేస్తారన్నదే ప్రశ్న.

సీమంటే సుమోలు, బాంబులు, వేటకొడవళ్లు అని సినిమావోళ్లు లోకానికి చూపెట్టినారు. ఆ కథల్లో మనమెవరం? నాయకుని కోసం చచ్చే అనుచరులం. మన బిడ్డ కూడా అదే ఆట చేస్తే, తెర మారినట్టే గాని మన పాత్ర మారినట్టు కాదు.

దానికి బదులు కె.సి. కాలువను ఆట చెయ్యనీండి. సుంకేసుల కాడ నీళ్లు బయల్దేరతాయి. దారి పొడుగునా మోటార్లు, పలుకుబడి. కాలువ చివర మనోళ్ల అర్ధెకరం. ఒంటిగా ఆడితే నీళ్లు చేరకూడదు, పదిమంది కలిస్తేనే చేరాల. మాటలన్నీ మన యాసలోనే ఉండాల.

ఆటతో నీళ్లొస్తాయా అని అడుగుతారు. రావు. పాటతోనూ రాలేదు. కానీ పాట లేకుండా మన ఊరేగింపు ఏదైనా కదిలిందా? ఆ ఆట ఆడిన పిల్లోడు, ఈ నియమం పెట్టిందెవరని ఒకనాడు పంచాయతీలో నిలబడి అడుగుతాడు.

కార్యకర్తలారా! సెలవులకు ఇంటికొచ్చిన బిడ్డల్ని ఉద్యోగం ఎప్పుడని మాత్రమే అడగొద్దు. మీ పక్కన కూర్చోబెట్టుకోండి. కాలువ కథ, కూలి కథ చెప్పండి. వాళ్లు చేసిన ఆటను ముందు వాడలో ఆడించి, తప్పొప్పులు చెప్పండి. ఎవరో రాసిన నియమాల కింద ఇన్ని తరాలు ఓడినాం. ఇక రాసే చెయ్యి మనది కావాల.

జై భీమ్!