గిద్ద ఏప్రిల్ ఒకటి అయిన వైనము



పాత కొలతల పేర్లతో ఒక పట్టికను ముగ్గురం కలిసి కూరుస్తున్నాము. (స్ప్రెడ్‌షీట్‌ను పట్టిక అనే వ్రాస్తాను. అంతకంటె మంచి మాట నాకు దొరకలేదు.) నా కంప్యూటరులో ఉన్నది లినక్సు, దానిపై లిబ్రెఆఫీసు. నాతో పాటు ఉద్యోగవిరమణ చేసిన మిత్రులది విండోస్, అమెరికాలో ఉన్న పూర్వవిద్యార్థిది మాక్. ఆ రెండింటిలోనూ ఎక్సెలే. ముగ్గురి మధ్య తిరిగే దస్త్రానికి ఏ తోక తగిలించాలన్నది మొదట చిన్న ప్రశ్నగానే తోచింది.

సీఎస్వీ అన్నాను నేను. కామాలతో విడదీసిన సాదా పాఠం, ఏ యంత్రమైనా చదవగలదు, ఏ కంపెనీ సొత్తూ కాదు. వినడానికి ఎంత బాగుందో!

నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. కనుక గిద్దకు ఎదురుగా ఒక గడిలో 1/4 అనీ, పక్క గడిలో సోల అనీ వ్రాసి పంపాను. మిత్రులు తెరిచేసరికి అది ఏప్రిల్ 1 అయింది. అమెరికాలో నెల ముందు, రోజు తరువాత గనుక అక్కడ జనవరి 4 అయింది. "మాస్టారూ, ఇంతకీ గిద్ద పుట్టినరోజు ఎప్పుడండీ?" అని శిష్యుని పరిహాసం. సీఎస్వీలో ఏ గడిలో ఉన్నది అంకెయో, తేదీయో, మాటయో తెలిపే గుర్తు ఏదీ ఉండదు. తెరిచే యంత్రం తనకు తోచినట్లు ఊహించుకుంటుంది. లిబ్రెఆఫీసు తెరిచే ముందు కొంత అడుగుతుంది. ఎక్సెల్‌లో రెండుసార్లు నొక్కి తెరిస్తే అడగదు.

నవ్వుకున్నది అంతవరకే. మిత్రులు ఆ తేదీలను సరిదిద్ది, తమ ఊరి పెద్దలనడిగి తెచ్చిన మాటలు చేర్చి, మామూలు సీఎస్వీగా భద్రపరచి పంపారు. తెలుగు ఉన్న ప్రతిచోటా ప్రశ్నార్థకాలే. ఎక్సెల్ ఆ పద్ధతిలో విండోస్‌వారి పాత సంకేతావళిని వాడుతుంది. అందులో తెలుగుకు చోటు లేదు. చోటులేని ప్రతి అక్షరానికీ ఒక ప్రశ్నార్థకం పడుతుంది. అను ఖతులలో చిక్కుకున్న పాఠాన్నయినా మార్పిడి చేసి విడిపించుకోవచ్చు గాని, ప్రశ్నార్థకం వెనుక మిగిలేదేమీ ఉండదు. 2016 నుండి ఎక్సెల్‌లో సీఎస్వీ యూటీఎఫ్-8 అని వేరొక ఎంపిక ఉన్నది. ఉన్నదని తెలిసినవారికే అది ఉన్నట్టు. నా పాత ప్రతి నా దగ్గర ఉన్నది. మిత్రులు కొత్తగా చేర్చిన మాటలు పోయాయి. వాటిలో కొన్ని చెప్పిన ముసలమ్మగారు ఇప్పుడు లేరు. తప్పు మిత్రులది కాదు, సీఎస్వీ అన్న నాది.

పాత ఎక్సెల్ఎస్ మాట ఎత్తనే వద్దు. దానికి 65,536 వరుసలే హద్దు. 2020లో ఇంగ్లండులో 15,841 కోవిడ్ కేసులు లెక్కలోకి రాకుండా జారిపోవడానికి ఆ హద్దే కారణం.

ఇక ఓడీఎస్. నా మనస్సు దానిమీదనే. అది 2006లోనే అంతర్జాతీయ ప్రమాణమయింది. ఎక్సెల్ఎస్ఎక్స్‌ను 2008లో ప్రమాణం చేసినప్పుడు మన దేశం వ్యతిరేకంగా ఓటు వేసిందని గర్వపడినవాడిని. అయినా మా ముగ్గురికీ ఎక్సెల్ఎస్ఎక్స్‌నే నిర్ణయించాను. ఓడీఎస్‌ను ఎక్సెల్‌లో భద్రపరచబోతే కొన్ని విశేషాలు పోవచ్చునని హెచ్చరిక వస్తుంది. దానిని చూసి కంగారుపడి మిత్రులు ఏ మీట నొక్కుతారో ఊహించలేను. ఎక్సెల్ఎస్ఎక్స్‌లో ఆయన ఏమీ ఎన్నుకోనక్కరలేదు. ముగ్గురిలో ఎవరికి యంత్రంతో పరిచయం తక్కువో వారి చేతికి ఏది సులువో చూడాలి గాని, నా సిద్ధాంతం ఆయనకు పరీక్ష కాకూడదు.

నిజానికి ఓడీఎస్, ఎక్సెల్ఎస్ఎక్స్ రెండూ లోపల జిప్ మూటలే. తోక మార్చి విప్పి చూస్తే ఎక్స్ఎమ్ఎల్ నడుమ మన అక్షరాలు యూనికోడులో చెక్కుచెదరకుండా కనిపిస్తాయి. మాటగా వ్రాసినది మాటగానే ఉంటుంది. నెలకొకసారి మాత్రం నేనే లిబ్రెఆఫీసులో తెరిచి ఓడీఎస్ ప్రతి ఒకటి, యూటీఎఫ్-8 సీఎస్వీ ప్రతి ఒకటి తీసి దాచుతున్నాను. పదేళ్ళ తరువాత ఏ కార్యక్రమం బ్రతికి ఉంటుందో ఎవరికెరుక?

గడిలో కొత్తగా 1/4 అని కొడితే ఎక్సెల్ ఇప్పటికీ దానిని తేదీనే చేస్తుంది. అందుకని ఆ వరుసనంతా ముందే పాఠంగా నిర్ణయించి పెట్టాము. మిత్రులు దానినీ నమ్మరు; "నాలుగవ వంతు" అని అక్షరాలా వ్రాస్తున్నారు.